పెరటి నీటి కుంటల్లో లైనింగ్ షీటు అమరిక, అంచుల రక్షణ

వరంగల్ ప్రాంతంలో ఏటా సగటున సుమారు 1000 మి.మీ. వర్షం కురుస్తుంది. అందులో అధికభాగం జూన్–సెప్టెంబర్ మాసాల్లోనే లభిస్తుంది. పెరటిలో చిన్న కుంట ఉంటే ఇంటికప్పు నుంచి జారే వాన నీటిని నిల్వచేసి కూరగాయలకు వాడుకోవచ్చు. తామర, కలువలను పెంచవచ్చు. అయితే ఎర్ర చలక నేలల్లో నీరు త్వరగా ఇంకిపోతుంది. నల్లరేగడి నేలల్లో వేసవి పగుళ్ల గుండా నీరు నష్టమవుతుంది. అందువల్ల ప్లాస్టిక్ షీటుతో లైనింగ్ అవసరమవుతుంది. షీటు పరచిన తరువాత కూడా నీటిమట్టం తగ్గుతుంటే అడుగు భాగాన్నే అనుమానించడం సహజం. కాని లోపం అంచు వద్ద ఉండే అవకాశమూ తక్కువేమీ కాదు.

షీటు ఎంపిక, పరిమాణం

పెద్ద సేద్యపు కుంటలకు 500 మైక్రాన్ల హెచ్.డి.పి.ఇ. షీటు వాడుకలో ఉంది. ఇది బిరుసుగా ఉండటం వల్ల చిన్న కుంటల మూలల్లో సరిగా మడత పడదు. వంపులున్న పెరటి కుంటకు మెత్తని పి.వి.సి. లేదా ఇ.పి.డి.ఎం. రబ్బరు షీటు అనువైనది.

కావలసిన షీటు పొడవు = కుంట పొడవు + (2 × లోతు) + (2 × అంచు). వెడల్పునకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఉదాహరణకు 4 మీ. పొడవు, 3 మీ. వెడల్పు, 1 మీ. లోతు గల కుంటకు అన్ని వైపులా 0.6 మీ. అంచు వదిలితే 7.2 × 6.2 మీ. షీటు కావాలి.

గుంత తయారీ, షీటు పరచడం

వర్షాకాలంలో భూగర్భజలం పైకి ఉబికే పల్లపు చోటును ఎంచుకోరాదు. అడుగు నుంచి వచ్చే నీటి ఒత్తిడికి షీటు పైకి లేస్తుంది. గుంత చుట్టూ అంచు ఒకే మట్టంలో ఉన్నదీ లేనిదీ రసమట్టంతో సరిచూడాలి. పలుగురాళ్లు, వేర్లు తొలగించి, తుంగ గడ్డలను పూర్తిగా ఏరివేయాలి. తుంగ మొలక పలుచని షీటును చీల్చుకొని వస్తుంది. తరువాత 5 సెం.మీ. మందాన జల్లించిన ఇసుక పరచాలి.

షీటును బిగుతుగా లాగకుండా వదులుగా పరచి, నీటిని నెమ్మదిగా నింపుతూ మడతలను సర్దాలి. కుంట పూర్తిగా నిండి, షీటు నేలకు అమరిన తరువాతనే అదనపు అంచును కత్తిరించాలి.

అంచును మరుగుపరచడం

కాకతీయుల నాటి పాఖాల, రామప్ప చెరువులున్న ఈ ప్రాంతంలో చెరువు కట్టకు నీటివైపు రాతి పేర్పు అందరికీ పరిచితమే. నీటిని ఆపేది మట్టికట్ట. దానిని అలల కోత నుంచి కాపాడేది రాయి. షీటుకూ ఇటువంటి కవచం కావాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు షీటు పెళుసుబారి, నీటిమట్టానికి పైన ఉన్న భాగం ముందుగా చిట్లుతుంది.

ఇందుకు గుంత తవ్వేటప్పుడే చుట్టూ 25 సెం.మీ. వెడల్పున, నీటిమట్టానికి 10 సెం.మీ. దిగువన ఒక మెట్టు వదలాలి. షీటును మెట్టు మీదుగా తెచ్చి, వెనుక గోడ వెంట నిలువుగా నీటిమట్టానికి కనీసం 5 సెం.మీ. పైకి లేపాలి. మెట్టుపై షీటు ముక్కలు వేసి, వాటిమీద నునుపైన రాళ్లు పేర్చితే షీటు కంటికి కనిపించదు, ఎండ తగలదు.

చాలా చోట్ల షీటును చదునుగా పరచి, దానిపై మట్టి కప్పి గడ్డి నాటుతారు. అప్పుడు తడిమట్టి దీపపు వత్తివలె నీటిని పీల్చి బయటి నేలకు చేరవేస్తుంది. షీటు అంచు నిలువుగా ఉండి, లోపలి మట్టికీ బయటి మట్టికీ సంబంధం తెగితేనే ఈ నష్టం ఆగుతుంది. ఏటవాలు గోడలపై మట్టి నిలవక జారుతుంది; అక్కడ రాయి లేదా సిమెంటు పూత వాడాలి. కొత్త సిమెంటు నీటి క్షారతను పెంచుతుంది కాబట్టి నీటిని కొన్నిసార్లు మార్చిన తరువాతే చేపలు వదలాలి.

లోపం గుర్తింపు, భద్రత

బకెట్టును నీటితో నింపి కుంట పక్కన ఉంచి, రెండింటిలో తగ్గుదలను పోల్చాలి. కుంటలో తగ్గుదల ఎక్కువైతే అది కేవలం ఆవిరి కాదు. నీరు పోయకుండా వదిలితే మట్టం ఎక్కడ ఆగుతుందో ఆ ఎత్తులోనే రంధ్రాన్ని వెదకాలి. అంచు దగ్గరే ఆగితే రాళ్లు తీసి షీటును పైకి లేపితే సరిపోతుంది.

తడి షీటు జారుడుగా ఉంటుంది. లోపల పడిన పిల్లలు పైకి ఎక్కలేరు. కాబట్టి ఒకవైపు రాతి మెట్లు, చుట్టూ కంచె తప్పనిసరి. దోమల నివారణకు గంబూసియా లేదా గప్పీ చేపలను వదలాలి.

విస్తరణ సిబ్బంది ప్రదర్శన కుంటల్లో షీటు పరచడంతో పాటు అంచు కోతను కూడా రైతులకు చూపితే, రాళ్ల చాటున కనిపించని ఈ లోపం ముందే నివారించబడుతుంది.