తెలెక్ (బాకు)

తెలెక్ అనునది సహారా ఎడారిలో నివసించు టువారెగ్ ప్రజలు ముంజేతికి ధరించు బాకు. వీరు నైజర్, మాలి, అల్జీరియా, లిబియా, బుర్కినా ఫాసో దేశములలో ఉన్నారు. ఒర పోయిన బాకును "ఆఫ్రికా బాకు" అని మాత్రమే పేర్కొనుట తరచుగా కనిపించును. అంత పెద్ద ఖండమునకు ఈ పేరు ఏమియు తెలుపదు. ఆయుధము ఏ ప్రజలదో తెలియవలెనన్న ముందుగా ఒరను చూడవలెను.

తయారీ

అలుగు నిటారుగా, రెండంచులా పదునుతో ఉండును. పిడి శిలువను పోలి ఉండును. దీనిని బట్టి క్రైస్తవ సంబంధమును ఊహించినవారు కలరు గాని అందుకు గట్టి ఆధారములు లేవు. ఇనుమును ఒట్టి చేతితో తాకుట అశుభమని టువారెగ్‌ల నమ్మకము. కావున పిడిని తోలుతోను, ఇత్తడితోను కప్పుదురు.

వీటిని చేయువారు ఇనాదన్ అను వృత్తికారులు. లోహపు పని పురుషులది, తోలుపనిలో అధికభాగము స్త్రీలది. విరిగిన ఖడ్గముల నుండి, ఇటీవలి కాలమున మోటారు వాహనముల స్ప్రింగు బద్దల నుండి కూడ అలుగులు సాగగొట్టుట కలదు. అందుచేత అలుగును మాత్రమే చూచి కాలమును గాని, స్థలమును గాని నిర్ణయించుట సాహసమే.

ఒరను బట్టి గుర్తించుట

తెలెక్ ఒరకు వెడల్పైన తోలుపట్టీ ఉండును. ఎడమ చేతిని అందులో దూర్చి, పిడి అరచేతి వైపునకు, మొన మోచేతి వైపునకు వచ్చునట్లు ధరింతురు. కుడిచేతితో క్షణములో దూయవచ్చును. సూడాను బాకులలో కొన్నింటికి కూడ ఇట్టి పట్టీ కలదు గాని, వాటిని ఎడమ మోచేతికి పైన కట్టుదురు. అక్కడి బెజా ప్రజల బాకు అలుగు వంపు తిరిగి ఉండును, దాని పిడి ఇంటూ గుర్తును పోలిన కర్రపిడి. మొరాకో దేశపు కుమియా ఒరకు చేతిపట్టీ ఉండదు. దాని రెండు వైపులా ఉన్న కొక్కెములకు తాడు కట్టి, భుజము మీదుగా వ్రేలాడదీయుదురు. వంపు గల ఆ బాకు తెలుగువారెరిగిన జంబియాకు దగ్గరగా ఉండును.

పర్యాటకులకై చేసినవి

అమ్మకమునకు చేసిన తెలెక్‌లు నేడు విస్తారముగా లభించును. పెద్దవారి చేయి దూరనంత చిన్న పట్టీ ఉన్నచో అది ధరించుటకు చేసినది కాదు. ఒర వెనుకభాగమును కూడ త్రిప్పి చూడవలెను. చిరకాలము వాడిన ఒరకు చర్మమును తాకువైపు తోలు చెమటకు నల్లబడి, నునుపుదేలి ఉండును. ముందువైపు ఇత్తడి రేకులు ఎంత మెరసినను ఈ గుర్తుకు సాటిరావు.