ఇంతకీ మీ అమ్మాయి ఏ మందు కనిపెడుతోంది?

పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో ఈ ప్రశ్న తప్పదు. ‘మీ అమ్మాయి ఏం చేస్తోందండీ?’ ‘పీహెచ్‌డీ. జబ్బుల మీద పరిశోధన.’ ‘అలాగా! ఏ మందు కనిపెడుతోంది?’ అక్కడికి వచ్చేసరికి తల్లిదండ్రులకు మాట తడబడుతుంది. ఎందుకంటే అమ్మాయి మందేమీ కనిపెట్టడం లేదు. నాలుగేళ్లుగా ఒకే ఒక్క ప్రొటీన్ వెంట పడి తిరుగుతోంది. నేరేడ్‌మెట్, సైనిక్‌పురి వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి లేని వీధి ఉండదు. పరిశోధక విద్యార్థి ఉన్న ఇల్లు మాత్రం అరుదే. ఉన్నచోట ‘ఇంకా చదువేనా?’ అన్న మాట వినక తప్పదు.

ఈ చదువేమీ ఎక్కడో విదేశాల్లో జరిగే వ్యవహారం కాదు. నేరేడ్‌మెట్ నుంచి మల్కాజ్‌గిరి, తార్నాక మీదుగా వెళితే పది కిలోమీటర్ల లోపే హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. పూర్తి పేరు సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ. పుష్పమిత్ర భార్గవ వ్యవస్థాపక డైరెక్టర్‌గా 1977లో మొదలైంది. కొవిడ్ రోజుల్లో వైరస్ రకాల గురించి వార్త వచ్చినప్పుడల్లా ఈ పేరు విన్నాం. వచ్చిన జబ్బేమిటో డాక్టర్ చెబుతారు. అది కణం లోపల ఎక్కడ, ఎలా మొదలైందో ఇలాంటి చోట వెతుకుతారు. ఆ వెతుకులాట మన ఇంటి గుమ్మం దాకా ఎలా వస్తుందో తెలియాలంటే ఒక గుండె కథ చెప్పుకోవాలి.

దర్జీ గీత చెరిగితే...

గుండె కండరం జబ్బును వైద్యులు కార్డియోమయోపతీ అంటారు. కొందరిలో కండరం మందంగా తయారవుతుంది. ఇంకొందరిలో సాగిపోయి బలహీనపడుతుంది. రక్తనాళాల్లో పూడికలు లేకపోయినా ఆయాసం, కాళ్ల వాపు, గుండెదడ వస్తాయి. కొన్నిసార్లు హఠాత్తుగా ప్రాణమే పోతుంది. కొన్ని కుటుంబాల్లో ఇది తరతరాలుగా కనిపిస్తుంది. ‘వాళ్ల ఇంట్లో మగవాళ్లెవరూ అరవై దాటరు’ అని బంధువులు గుసగుసలాడుకునే ఇళ్లలో కొన్నింటి వెనక ఉన్నది ఈ జబ్బే కావచ్చు.

గుండె కండరంలోని సన్నని పోగులను కట్టగా పట్టి ఉంచే ప్రొటీన్ ఒకటుంది. దాన్ని తయారుచేసే జన్యువు పేరు ఎంవైబీపీసీ3. మన జన్యుపటంలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటే, కొందరిలో ఈ జన్యువు చివరి భాగంలో సరిగ్గా 25 అక్షరాలు ఉండవు. విచిత్రమేమంటే ఆ 25 అక్షరాలూ ప్రొటీన్ తయారీకి నేరుగా పనికొచ్చేవి కావు. కణం జన్యు సమాచారాన్ని వాడుకునే ముందు కత్తిరించి పారేసే ముక్కలోనివి. మరి నష్టమేమిటి? దర్జీ సుద్దతో గీసిన గీత చెరిగిపోతే కత్తెర పనికొచ్చే గుడ్డను కూడా కోసేస్తుంది కదా! ఇక్కడా అంతే. ఎక్కడ కత్తిరించాలో చెప్పే గుర్తు దెబ్బతిని, పనికొచ్చే పక్క ముక్క కూడా ఎగిరిపోతుంది. దాంతో ప్రొటీన్ కొస మారిపోతుంది. పోగుల కట్టలో సరిగ్గా ఇమడదు.

మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడిగా ఉన్న పెరుందురై దండపాణి, సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, మరికొందరు దేశ విదేశీ శాస్త్రవేత్తలు కలిసి దీని మీద చేసిన అధ్యయనం 2009లో ‘నేచర్ జెనెటిక్స్’ పత్రికలో వచ్చింది. గుండె కండరం జబ్బున్న 800 మందిని, దాదాపు 700 మంది ఆరోగ్యవంతులను పోల్చి చూస్తే, ఈ లోపం ఉన్నవారికి జబ్బు ముప్పు సుమారు 7 రెట్లు ఎక్కువని తేలింది. తర్వాత దేశమంతటా వందకు పైగా సమూహాలకు చెందిన 6 వేల మందికి పైగా రక్త నమూనాలను పరీక్షించారు. దాదాపు 4 శాతం మందిలో ఇది కనిపించింది. అంటే వంద మంది కూర్చున్న పెళ్లి పంక్తిలో నలుగురన్నమాట! ఈ లోపం సుమారు 30 వేల ఏళ్ల కిందట పుట్టి ఉంటుందని అంచనా.

ఇంత చెడ్డ మార్పు ఇన్ని తరాలు ఎలా నిలిచింది? పరిశోధకులు చెప్పే కారణం ఇది. వయసులో ఉన్నప్పుడు కణం ఈ వంకర ప్రొటీన్‌ను గుర్తుపట్టి ఎప్పటికప్పుడు ముక్కలు చేసి ఊడ్చేస్తుంది. కాలనీకి రోజూ వచ్చే స్వచ్ఛ ఆటో లాగా. నడివయసు దాటాక ఆ ఆటో రోజు విడిచి రోజు వస్తుంది. చెత్త పేరుకుంటుంది. అప్పటికి పెళ్లయి, పిల్లలు పుట్టి, లోపం తరవాతి తరానికి అంది ఉంటుంది.

అలాగని ఈ వ్యాసం చదవగానే జన్యు పరీక్షకు పరుగెత్తక్కర్లేదు. లోపం ఉన్నవారిలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండానే బతికేస్తారు. అమెరికాలో స్థిరపడిన దక్షిణాసియా వాసులపై జరిగిన అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. ఈ లోపంతో పాటు అదే జన్యువులో ఇంకో మార్పు కూడా ఉన్న కొద్దిమందిలో గుండె పనితీరు తేడాలు స్పష్టంగా కనిపించాయని అది చెప్పింది. ఒక పరిశోధన మీద మరో పరిశోధన చేసే సవరణ ఇలాగే ఉంటుంది. మొదటి వార్త పతాక శీర్షికలో వస్తుంది, సవరణ ఎవరి కంటా పడదు!

ఇంట్లో ఎవరికైనా కార్డియోమయోపతీ ఉందని తేలినా, చిన్న వయసులోనే కారణం తెలియని హఠాన్మరణం జరిగినా తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు గుండె నిపుణుణ్ని కలిసి ఈసీజీ, ఎకో పరీక్షలు చేయించుకోవాలి. ఒకసారి బాగుందని వదిలెయ్యకుండా, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో అడగాలి. పరిగెత్తేటప్పుడో మెట్లెక్కేటప్పుడో కళ్లు తిరిగి పడిపోతే ‘టిఫిన్ తినలేదు, అందుకే’ అని సరిపెట్టుకోవద్దు. జన్యు పరీక్ష అవసరమా కాదా అన్నది ఆ తర్వాత డాక్టర్ చెప్పే సంగతి.

ఆదివారం కూడా ల్యాబేనా?

అవును. పరీక్ష కోసం పెంచే కణాలకు సెలవులుండవు. 37 డిగ్రీల వేడిలో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న పెట్టెలో వాటిని పెంచుతారు. రెండు మూడు రోజులకోసారి పోషక ద్రవం మార్చాలి. పండగని ఊరెళితే కణాలు చస్తాయి. చిన్న ఫంగస్ చేరినా నెలల పని పోతుంది. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నవారికి 2023 నుంచి నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు, అద్దె భత్యం అదనం. పక్కింటి అబ్బాయి జీతంతో పోల్చి బాధపెట్టకుండా ఉంటే అదే పెద్ద సాయం. ఈ పనిలో ‘మనం అనుకున్నది తప్పు’ అని తేలడం కూడా ఫలితమే. ఇంటికొచ్చి అది చెప్పుకోవడమే కష్టం.

మత్తు ఇచ్చే ముందు

ఇలాంటి పరిశోధన సూటిగా ఆపరేషన్ థియేటర్‌లోకి వచ్చిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. ఆపరేషన్‌కు ముందు కండరాలు వదులయ్యేందుకు సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ వాడతారు. రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతో లోపించినవారికి ప్రభావం గంటల తరబడి దిగదు. అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. తెలుగునాట వైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావారికన్నా చాలా ఎక్కువని పరిశోధకులు గుర్తించారు. తరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహాల్లో కొన్ని లోపాలు ఇలా పోగుపడతాయి. ఒక్కో సమూహంలో ఒక్కో రకంగా. మేనరికాలు లేని ఇళ్లలో కూడా. తంగరాజ్ బృందం, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2017లో వెలువరించిన అధ్యయనం చెప్పింది ఇదే. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మెలకువ రావడం, ఊపిరి అందడం బాగా ఆలస్యమైన సందర్భం ఉంటే, తర్వాతి ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్‌కు చెప్పాలి. వాళ్ల దగ్గర వేరే ఇంజెక్షన్లు ఉంటాయి.

రక్తం అడిగితే

పై లెక్కలన్నీ వేల మంది మామూలు మనుషులు తలా కాస్త రక్తం ఇస్తే తేలినవే. ఆసుపత్రిలో రేపు ఏ పరిశోధక విద్యార్థో అంగీకార పత్రం పట్టుకుని మీ దగ్గరికీ రావచ్చు. ఇవ్వడం, మానడం మీ ఇష్టం. ఇవ్వనన్నా మీ వైద్యం ఆగకూడదు. ఇచ్చాక మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. పత్రం మీకు తెలిసిన భాషలో చదివి వినిపించమనండి. నైతిక కమిటీ అనుమతి ఉందా, పేరు బయటికి రాకుండా ఏం చేస్తారు, మా ఇంటికి పనికొచ్చే సంగతి ఏదైనా తేలితే మాకు చెబుతారా అని అడగండి. వచ్చినవాళ్లు విసుక్కోకూడదు. జవాబు చెప్పడం వాళ్ల పనిలో భాగమే.