పదవిని స్వీకరించడమా, త్యజించడమా? – ఇమామ్ గజాలీ జీవితం నేర్పే పాఠం

మనిషి జీవనోపాధికై ఎన్నుకునే వృత్తి అతనికి తిండి పెట్టడంతో ఆగిపోదు. అతని కాలాన్ని, స్నేహాలను, మాటతీరును, చివరకు నమాజులో అతని ఏకాగ్రతను కూడా అది ప్రభావితం చేస్తుంది. అందువల్లనే దైవభీతి గల యువకుడు ఒక ఉద్యోగాన్ని స్వీకరించబోయే ముందు అతని మనస్సులో మూడు ప్రశ్నలు తలెత్తుతాయి. ఇది ధర్మసమ్మతమేనా? ఇంతకన్నా పై స్థాయికి పోలేనా? అసలు దీనికి నేను తగినవాడినేనా? మొదటిది ధర్మచింతన, రెండవది ఆకాంక్ష, మూడవది ఆత్మసందేహం. ఈ మూడింటిలో ఏది ఎప్పుడు మాట్లాడుతున్నదో గుర్తించలేకపోవడంలోనే అసలు చిక్కు ఉన్నది. ఆకాంక్ష తరచుగా ధర్మసేవ వేషంలో వస్తుంది. పిరికితనం దైవభీతి ముసుగు వేసుకుంటుంది.

ఇస్లామీయ చరిత్రలో ఈ చిక్కును తన జీవితంలోనే అనుభవించి, దాచకుండా వ్రాసిపెట్టిన మహనీయుడు ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మ). ఆయన ఒక గొప్ప పదవిని వదలిపెట్టారు. తర్వాత పదకొండేళ్ళకు మరొక పదవిని స్వీకరించారు. మళ్ళీ మరొకదానిని నిరాకరించారు. ఈ మూడు నిర్ణయాలను కలిపి చూసినప్పుడే ఆయన జీవితం నేర్పే పాఠం బోధపడుతుంది.

ఖుర్ఆన్, హదీసులలో రెండు కోణాలు

పదవుల విషయంలో ధర్మగ్రంథాలు పైకి రెండు భిన్నమైన మార్గాలు చూపుతున్నట్లు కనిపిస్తుంది. దివ్యఖుర్ఆన్ యూసుఫ్ సూరా 55వ ఆయత్‌లో హజ్రత్ యూసుఫ్ (అ) ఈజిప్టు రాజును ధనాగారాల బాధ్యత తనకు అప్పగించమని స్వయంగా కోరారు. తాను వాటిని కాపాడగలవాడినని, ఆ పని తెలిసినవాడినని కూడా చెప్పారు. మరొకవైపు, దైవప్రవక్త (స) హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (రజి)కు అధికారాన్ని అడగవద్దని హితవు చెప్పారు. అడిగి తెచ్చుకున్నవాడు దాని బరువుతో ఒంటరిగా మిగులుతాడని, అడగకుండా లభించినవానికి సహాయం అందుతుందని వివరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోను ఈ హదీసు ఉన్నది. హజ్రత్ అబూజర్ (రజి) తనకు ఏదైనా అధికార బాధ్యత ఇవ్వమని అడిగినప్పుడు, ఆయన ఈ విషయంలో బలహీనుడని, పదవి ఒక అమానతు అని ప్రవక్త (స) చెప్పారు.

ఇందులో వైరుధ్యం లేదు. హజ్రత్ యూసుఫ్ (అ) కోరినప్పుడు ముందు ఏడేళ్ళ కరవు పొంచి ఉన్నది. దానిని ఎదుర్కొనే ఉపాయం ఆయనకు తెలుసు. అంతకుముందే రాజు ఆయనను తన నమ్మకస్తునిగా ప్రకటించాడు. ఇక హజ్రత్ అబూజర్ (రజి) భక్తిలో, సత్యసంధతలో ఎవరికీ తీసిపోనివారు. అయినా పరిపాలనకు కావలసిన సామర్థ్యం వేరు. భక్తి ఎంత ఉన్నా అది ఆ లోటును పూడ్చదు. ఖసస్ సూరా 26వ ఆయత్ కూడా పనివానిలో చూడవలసిన గుణాలు రెండని సూచిస్తుంది: బలము, విశ్వసనీయత. అంటే పనికి తగిన శక్తి ఉండాలి, అప్పగించినదానిని కాపాడే నిజాయితీ కూడా ఉండాలి.

గురువు నిరాకరణ, శిష్యుని స్వీకారం

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ), ఆయన శిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) ఒకే ధర్మశాస్త్ర సంప్రదాయానికి మూలస్తంభాలు. అయినా ఖాజీ పదవి విషయంలో వారి మార్గాలు వేరయ్యాయి. కూఫాలో పట్టువస్త్రాల వ్యాపారం చేసుకుంటూ స్వతంత్రంగా జీవించిన ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఉమయ్యాల కాలంలో ఇరాక్ గవర్నరు ఇబ్ను హుబైరా ఇవ్వజూపిన పదవిని కాదని కొరడా దెబ్బలు తిన్నారు. తర్వాత అబ్బాసీ ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి ఇస్తానన్నప్పుడు, తాను అందుకు తగనని చెప్పారు. నీవు అబద్ధమాడుతున్నావని ఖలీఫా అన్నాడు. అలాగయితే అబద్ధమాడేవాడు న్యాయాధిపతిగా ఎలా పనికివస్తాడని ఇమామ్ ఎదురు ప్రశ్నించినట్లు చరిత్రకారులు ఉల్లేఖించారు. ఫలితంగా ఆయన చెరసాల పాలై హి.శ. 150 (క్రీ.శ. 767)లో మరణించారు.

నిరుపేద కుటుంబంలో పుట్టి, గురువు ఆర్థిక సహాయంతో చదువుకున్న ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) బాగ్దాదులో ఖాజీ పదవిని స్వీకరించారు. హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయాధిపతి, అనగా ఖాజీ అల్ ఖుజాత్, అయ్యారు. ఆ హోదా పొందిన మొదటి వ్యక్తి ఆయనే. ఖలీఫా కోరికపై వ్రాసిన ‘కితాబుల్ ఖరాజ్’లో, ప్రజల గురించి అల్లాహ్ సమక్షంలో జవాబు చెప్పుకోవలసి ఉన్నదని ఆయన పాలకునికే గుర్తుచేశారు. రైతులపై శక్తికి మించిన పన్ను భారం మోపరాదని, వసూళ్ళలో దౌర్జన్యం కూడదని వ్రాశారు. గురువు నిరాకరించి ధర్మాన్ని కాపాడారు. శిష్యుడు స్వీకరించి అదే పని చేశారు. తర్వాతి తరాలు ఇద్దరినీ ఇమాములుగానే గౌరవించాయి.

బాగ్దాదు పీఠంపై అంతర్మథనం

ఇమామ్ గజాలీ (రహ్మ) హి.శ. 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్ ప్రాంతపు తూస్‌లో జన్మించారు. నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ (రహ్మ) వద్ద విద్య నేర్చారు. సల్జూఖ్ మంత్రి నిజాముల్ ముల్క్ ఆయన ప్రతిభను గుర్తించి హి.శ. 484 (క్రీ.శ. 1091)లో బాగ్దాదు నిజామియా మద్రసాలో ఆచార్యునిగా నియమించాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పయి మూడేళ్ళు. ఆయన పాఠాలకు మూడు వందల మంది విద్యార్థులు హాజరయ్యేవారు. ఆ కాలంలో ఒక పండితునికి ఇంతకుమించిన స్థానం లేదు.

అయితే నాలుగేళ్ళు గడిచేసరికి ఆయనను ఒక ప్రశ్న వేధించసాగింది. తాను పాఠం చెప్పడం అల్లాహ్ ప్రసన్నత కోసమా, లేక పేరు ప్రతిష్ఠల కోసమా? ‘అల్ మున్‌ఖిజ్ మినజ్జలాల్’ అనే గ్రంథంలో ఆయన ఈ దశను విపులంగా వర్ణించారు. ఒక రోజు బాగ్దాదు విడిచిపోవాలని నిశ్చయించుకునేవారు. మరునాడు ఆ నిశ్చయం సడలిపోయేది. ఉదయం కలిగిన పరలోకచింతనను సాయంత్రానికి ప్రాపంచిక కోరికలు చెదరగొట్టేవి. ఇది తాత్కాలికమైన మనఃస్థితి మాత్రమేనని, ఇంత నిర్విచారమైన పదవిని వదలితే రేపు కావాలన్నా దొరకదని షైతాన్ నచ్చజెప్పేవాడు. మంచి ఉద్యోగాన్ని వదలాలా వద్దా అని తల్లడిల్లే ఎవరికైనా ఈ వాదం తెలిసినదే.

హి.శ. 488 రజబ్ మాసం (క్రీ.శ. 1095) నుండి దాదాపు ఆరు నెలలు ఈ మథనం సాగింది. చివరకు ఆయన నోట మాట రాలేదు. ఒక్క పాఠమైనా చెప్పబోతే నాలుక కదలలేదు. తిండి సహించలేదు. ఇది మనోవ్యాధి అని, మనస్సు కుదుటపడితే తప్ప మందులు పనిచేయవని వైద్యులు తేల్చిచెప్పారు. అదే సంవత్సరం జుల్‌ఖాదా మాసంలో ఆయన బాగ్దాదు విడిచారు. తన సంపదను పంచిపెట్టారు. అయితే పిల్లల పోషణకు సరిపడా మాత్రం ఉంచారు. ఈ చివరి విషయాన్ని మరువరాదు. వైరాగ్యం పేరుతో భార్యాబిడ్డల హక్కును కాలరాయడం ఆయనకు సమ్మతం కాలేదు.

సుమారు రెండేళ్ళు డమాస్కస్‌లో, ఆ తర్వాత జెరూసలేములో ఏకాంత ఆరాధనలో గడిపి హజ్ యాత్ర చేశారు. పిల్లల పిలుపులే తనను మళ్ళీ స్వదేశానికి లాగాయని ఆయనే చెప్పుకున్నారు. సంసార బాధ్యతలు, జీవనావసరాలు తన ఏకాంతాన్ని భంగపరచిన సంగతిని కూడా దాచలేదు. ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ ఈ కాలపు రచనే.

ఏకాంతం కూడా అహంకారం కావచ్చు

చాలామంది ఇంతటితో కథ ముగిసిందనుకుంటారు. పదవిని త్యజించడమే పరమార్థమని నిర్ణయిస్తారు. కాని హి.శ. 499 (క్రీ.శ. 1106)లో, నిజాముల్ ముల్క్ కుమారుడైన మంత్రి ఫఖ్రుల్ ముల్క్ కోరికపై ఇమామ్ నీషాపూర్ నిజామియాలో మళ్ళీ బోధన ప్రారంభించారు. అప్పుడు ఆయన తనను తాను నిలదీసుకున్న తీరు గమనించదగినది. ప్రజల విశ్వాసాలు చెదరిపోతున్న వేళ తాను ఏకాంతాన్నే పట్టుకొని ఉండడానికి కారణం ఏమిటి? సోమరితనమా? సుఖాపేక్షా? నలుగురిలోకి వస్తే మాటపడవలసి వస్తుందన్న భయమా? ఇవే కారణాలయితే ఏకాంతానికి పుణ్యం పేరు పెట్టడం తగదని ఆయన భావించారు. సజ్జనులతో సంప్రదించారు. వారందరూ బయటకు రమ్మనే చెప్పారు.

పైకి ఇది పాత పనికి తిరిగి రావడమే. తన దృష్టిలో మాత్రం ఇది తిరిగి రావడం కాదని ఇమామ్ వ్రాశారు. మునుపు హోదాను సంపాదించిపెట్టే విద్యను బోధించారు; ఇప్పుడు హోదా వ్యామోహాన్ని వదిలించే విద్యను బోధించడానికి వచ్చారు. కొంతకాలానికి తూస్‌కు చేరి, ఇంటి పక్కనే విద్యార్థులకు మద్రసా, సూఫీలకు ఖాన్‌ఖా నెలకొల్పారు. బాగ్దాదు పీఠానికి మళ్ళీ ఆహ్వానం వచ్చినప్పుడు అంగీకరించలేదు. తూస్‌లో తనను నమ్ముకున్న విద్యార్థులున్నారని, సంసారం ఉన్నదని, పాలకుల దర్బారుకు పోనని, వారి ధనం ముట్టనని, వాదప్రతివాదాలకు దిగనని తాను ప్రతిజ్ఞ చేసి ఉన్నానని జవాబు వ్రాశారు. హి.శ. 505 (క్రీ.శ. 1111)లో తూస్‌లోనే కన్నుమూశారు.

సందేహం మూడు రకాలు

ఈ ఉదాహరణలను బట్టి ఒక విషయం స్పష్టమవుతున్నది. స్వీకరించడం గాని, త్యజించడం గాని తనంతట తానే పుణ్యం కాదు. సందేహం కలిగినప్పుడు, అది దేనిని గురించిన సందేహమో ముందు తేల్చుకోవాలి.

మొదటిది, పనిని గురించిన సందేహం. ఆ పనే నిషిద్ధమయితే మంచి సంకల్పం దానిని హలాల్ చేయదు. వడ్డీ తినేవానితోపాటు ఆ పత్రం వ్రాసేవానిని, సాక్షులను కూడా ప్రవక్త (స) శపించినట్లు ముస్లిం హదీసు గ్రంథంలో ఉన్నది. లంచం ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు ఇద్దరూ శాపగ్రస్తులేనని మరొక హదీసు తెలుపుతున్నది. అటువంటి పనిలో ఉన్నవాడు వేరొక ఉపాధి వెదుక్కోవాలి; ఇంటివారి పోషణ మార్గం చూసుకుంటూనే బయటపడే ప్రయత్నం కొనసాగించాలి. సంస్థలో హలాల్, హరామ్ కలగలిసి ఉంటే, తన చేతి మీదుగా జరిగే పని ఏమిటో వివరంగా చెప్పి, విషయం తెలిసిన ఆలిమ్‌ను అడగాలి.

రెండవది, సామర్థ్యాన్ని గురించిన సందేహం. దీనికి హజ్రత్ మూసా (అ) ఆదర్శం. ఫిరౌన్ వద్దకు వెళ్ళమని ఆజ్ఞ అయినప్పుడు తన గుండె బిగుసుకుపోతుందని, నాలుక సరిగా కదలదని ఆయన విన్నవించుకున్నారు. అయినా పనిని కాదనలేదు. హృదయాన్ని విశాలం చేయమని, నాలుక ముడి విప్పమని ప్రార్థించారు. సోదరుడు హారూన్ (అ)ను తోడుగా ఇమ్మని కోరారు. ‘తాహా’ సూరాలో ఈ ప్రార్థన కనిపిస్తుంది. నేర్చుకుంటే తీరే లోటును నేర్చుకొని తీర్చుకోవాలి. ఒకరి తోడుతో తీరేదానికి తోడు కోరాలి. ఏ విధంగాను తీరని లోటయితే, ఆ పదవిని కాదనడంలో అవమానం లేదు. ఇతరుల హక్కులు తన చేతిలో పాడవకుండా చూడడం అది.

మూడవది, హృదయాన్ని గురించిన సందేహం. పని ధర్మసమ్మతమే, సామర్థ్యమూ ఉన్నది, కాని సంకల్పంలో కీర్తికాంక్ష కలిసినట్లు తోస్తుంది. మందపై వదలిన రెండు ఆకలిగొన్న తోడేళ్ళు చేసే నష్టం కన్నా, ధనం పైన, ప్రతిష్ఠ పైన మనిషికుండే దురాశ అతని ధర్మానికి చేసే నష్టమే ఎక్కువని తిర్మిజీ ఉల్లేఖించిన హదీసు హెచ్చరిస్తున్నది. అయితే ఈ రోగానికి ప్రతిసారీ రాజీనామాయే మందు కాదు. కొందరికి కొంతకాలం దూరంగా ఉండడం అవసరమవుతుంది. చాలామందికి ఉన్నచోటనే సంకల్పాన్ని సరిచేసుకోవడం, ఎవరికీ తెలియకుండా కొంత మంచిపని చేయడం, పొగడ్తకు దూరంగా మసలడం సరిపోతుంది. సంకల్పం నూటికి నూరుపాళ్ళు శుద్ధమయ్యేదాకా ఏ మంచిపనీ చేయనని కూర్చోవడం షైతాన్‌కే లాభం.

సంఘం అవసరం

వ్యక్తి తన మనస్సును ఎంత పరీక్షించుకున్నా, అతని చుట్టూ ఉన్న సంఘం అవసరాలు కూడా లెక్కలోకి రావాలి. ‘ఇహ్యా’లోని విద్యాధ్యాయంలో ఇమామ్ గజాలీ (రహ్మ) వైద్యం, గణితం, వ్యవసాయం, నేత, కుట్టుపని వంటివాటిని ఫర్జె కిఫాయాలో చేర్చారు. అంటే అవి సంఘంలో కొందరైనా తప్పక నేర్వవలసిన విద్యలు. ఎవరూ నేర్వకపోతే అందరూ దోషులే. ఎన్నో పట్టణాలలో ముస్లిం వైద్యుడే లేడని, అయినా విద్యార్థులంతా ధర్మశాస్త్ర వాదాలకే ఎగబడుతున్నారని ఆయన వాపోయారు. వైద్యవిద్య నేర్చితే వక్ఫు ఆస్తుల అజమాయిషీ, అనాథల సొమ్ముపై పెత్తనం, ఖాజీ పదవి దక్కవు గనుక దానివైపు ఎవరూ పోవడంలేదని కారణం కూడా చెప్పారు. ధార్మికంగా కనిపించే ఎన్నికలో ప్రాపంచిక ఆశ ఉండవచ్చునని, ప్రాపంచికంగా కనిపించే వృత్తిలో ఆరాధన ఉండవచ్చునని దీని భావం. నేడు ఆసుపత్రిలో రోగిని చూసే వైద్యురాలికి, మారుమూల గ్రామంలో పాఠం చెప్పే ఉపాధ్యాయునికి, సరియైన తూకంతో సరుకు అమ్మే వర్తకునికి ఇది గొప్ప ఊరట.

నిర్ణయం తీసుకొనే విధానం

ఇన్ని చూసుకున్న తర్వాత కూడా మనస్సు ఊగిసలాడవచ్చు. అందుకే ధర్మం రెండు సాధనాలు ఇచ్చింది. ఒకటి సంప్రదింపు. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సలహాతో సాగుతాయని ‘షూరా’ సూరా 38వ ఆయత్ తెలుపుతున్నది. ధర్మం తెలిసినవారిని, ఆ వృత్తి తెలిసినవారిని, ఇంటి పరిస్థితి తెలిసిన పెద్దలను అడగాలి. మనకు నచ్చినదే చెప్పేవారిని ఏరి అడగడం సంప్రదింపు కాదు. రెండవది ఇస్తిఖారా. ఖుర్ఆన్ సూరాలు నేర్పినంత శ్రద్ధగా ప్రవక్త (స) దీనిని సహచరులకు నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. రెండు రకాతుల నమాజు చేసి, మేలు ఎందులో ఉంటే అది సులభం చేయమని, కీడు ఉంటే తననుండి దూరం చేయమని, ఏది జరిగినా దానితో తృప్తిపడే మనస్సు ఇమ్మని దాసుడు వేడుకుంటాడు. దీనికి కల రావాలన్న నియమం లేదు. అడిగి, ఆలోచించి, ప్రార్థించి, ఆపైన అడుగు వేయాలి.

వేసిన అడుగు చివరిది కూడా కానక్కరలేదు. బాగ్దాదు విడిచిన గజాలీ, నీషాపూర్ వచ్చిన గజాలీ, బాగ్దాదుకు మళ్ళీ రానన్న గజాలీ ఒక్కరే. మూడుసార్లూ ఆయన తనను అడిగిన ప్రశ్న ఒకటే: ఇది ఎవరి ప్రసన్నత కోసం? పరిస్థితి మారినప్పుడు జవాబు మారింది. ఆ ప్రశ్నను విడువని మనిషికి కుర్చీలో ఉన్నా, ఏకాంతంలో ఉన్నా అల్లాహ్ మార్గం మూసుకుపోదు.