పిలాటస్ శిఖరముపై ఉరుములవాన

స్విట్జర్లండు దేశములో లూసెర్న్ సరస్సు ఒడ్డున పిలాటస్ అను పర్వతమున్నది. సరస్సు నీటిమట్టము సముద్రమట్టమునకు సుమారు 434 మీటర్ల ఎత్తున నున్నది. పర్వత శిఖరపు ఎత్తు 2,128 మీటర్లు. ఒడ్డు నుండి కాలినడకను ఎక్కువారు దాదాపు 1,700 మీటర్లు పైకి పోవలెను.

యేసుక్రీస్తునకు శిక్ష విధించిన పొంతి పిలాతు ప్రేతము ఈ పర్వతముపై నొక మడుగులో నున్నదనియు, దానిని కదిలించినచో గాలివాన పుట్టుననియు పూర్వము ప్రజలు నమ్మిరి. నగర పాలకులు పర్వతారోహణమును నిషేధించిరి. 1387లో ఎక్కబోయిన ఆరుగురు మతాచార్యులు చెరసాల పాలైరి. 1555లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ గెస్నర్ అనుమతి పొంది ఎక్కెను. 1585లో నగరపు మతాచార్యుడు కొందరిని వెంటబెట్టుకొని పోయి మడుగులో రాళ్ళు విసరెను. గాలివాన రాలేదు.

అయినను పిలాటస్‌పై గాలివానలు వచ్చుట అబద్ధము కాదు. వాటికి కారణమేమి?

వేసవిలో ఎండకు కొండవాలు వేడెక్కును. దాని నంటియున్న గాలి తేలికయై, తేమతోకూడ వాలు వెంబడి పైకి ప్రాకును. పైకి పోయినకొలది వాయుపీడనము తగ్గును, గాలి వ్యాకోచించును. సైకిలు పంపులో గాలిని నొక్కినప్పుడు పంపు వేడెక్కును గదా! ఇచట జరుగునది దానికి విపర్యయము. వ్యాకోచించిన గాలి 100 మీటర్లకు సుమారు 1 సెంటీగ్రేడు డిగ్రీ చొప్పున చల్లబడును. ఒక హద్దు దాటిన పిమ్మట అందలి ఆవిరి నీటి బిందువులగును. అదియే మేఘము. ఆవిరి నీరగునప్పుడు గుప్తోష్ణము వెలువడును. అందుచే ఆ గాలి పరిసరపు గాలికంటె వెచ్చగా నిలిచి, మరింత పైకెగయును. మధ్యాహ్నము దాటునప్పటికి అది ఉరుముల మేఘముగా పెరుగవచ్చును.

ఆ వేళ శిఖరమున నున్నవాని స్థితి యెట్టిది? 60 కిలోగ్రాముల మనిషి 1,700 మీటర్లు ఎక్కుటకు చేయు పని సుమారు 10 లక్షల జౌలులు. విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును. కండరములు ఖర్చుచేయు శక్తి అంతకు నాలుగైదు రెట్లుండును. మిగిలినదంతయు వేడియై చెమట పట్టించును. శిఖరముపై గాలి సరస్సు ఒడ్డుకంటె సాధారణముగా 10 డిగ్రీలకు పైగా చల్లన. చెమటతోను వానతోను తడిసిన బట్టలపై ఆ గాలి వీచినచో దేహపు వేడి త్వరగా హరించిపోవును. దేహము లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు దిగువకు పోయినచో అపాయమే. ఎత్తైన చోట పిడుగు భయమును ఎక్కువ.

అందుచేతనే అనుభవజ్ఞులు తెల్లవారుజామున బయలుదేరి, మేఘము పెరుగకముందే దిగుదురు, సంచిలో పొడిబట్టలుంచుకొందురు. ప్రేతభయము నాడే తీరినది. మేఘమును కనిపెట్టి వేళకు దిగుట మాత్రము నేటికిని అవసరమే.