మాట తర్వాత, ముందు గుటక సంగతి చూడాలి!

పక్షవాతం వచ్చిన పేషెంట్ దగ్గరికి నేను వెళ్లగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే. ‘మేడమ్, మాట ఎప్పుడొస్తుంది?’ స్పీచ్ థెరపిస్ట్‌నంటే మాటలు నేర్పే మనిషినే కదా మరి! కానీ నేను ముందు గొంతు చూస్తాను. మాట సంగతి నెమ్మదిగా చూసుకోవచ్చు. మింగగలరా లేదా అన్నది మాత్రం ఈ పూటే తేలాలి.

మింగడం మనం లెక్కలోకే తీసుకోని పని. నాలుక ముద్దని వెనక్కి నెడుతుంది, స్వరపేటిక పైకి లేస్తుంది, ఊపిరి దారి మూసుకుంటుంది, అన్నవాహిక తెరుచుకుంటుంది. అంతా రెప్పపాటులో అయిపోతుంది. స్ట్రోక్ వస్తే ఈ వరస తప్పుతుంది. తొలిరోజుల్లో దాదాపు సగం మందికి మింగడం కష్టమే. తాగిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతాం. నన్నడిగితే ఆ దగ్గు వరం. స్ట్రోక్ వచ్చిన కొందరికి అదీ రాదు. నీళ్లు చప్పుడు లేకుండా లోపలికి జారిపోతాయి. నా భయమంతా వీళ్ల గురించే.

పరీక్ష చాలా సింపుల్. మనిషి మెలకువగా ఉండాలి, నిటారుగా కూర్చోవాలి. ముందు చెంచాడు నీళ్లు. గుటక పడిందా? ‘ఆ’ అనమంటాను. గొంతు గరగరమందంటే నీళ్లు స్వరపేటిక దగ్గరే ఆగినట్టు అనుమానించాలి. బాగుంటే ఇంకొంచెం ఇస్తాను. తేడా కనిపిస్తే ముక్కులోంచి సన్నటి కెమెరా వేసి చూస్తారు. లేదా బేరియం మింగించి ఎక్స్‌రే వీడియో తీస్తారు. అన్నట్టు, చిక్కటి జావ కంటే పల్చటి నీళ్లే మింగడం కష్టం. ‘రెండు గుక్కల నీళ్లేగా’ అని తాగించేది ఇక్కడే!

ఈ చిన్న పనికి ఎంత విలువో ఆస్ట్రేలియా నర్సులు చూపించారు. న్యూ సౌత్ వేల్స్‌లోని 19 స్ట్రోక్ యూనిట్లలో ఓ అధ్యయనం జరిగింది. సగం చోట్ల నర్సులు జ్వరం, షుగర్, మింగడం ఈ మూడింటినీ పద్ధతి ప్రకారం చూసుకున్నారు. 2011లో లాన్సెట్‌లో ఫలితాలొచ్చాయి. 90 రోజులకి చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లు కలిపి మామూలు వైద్యం అందినచోట 58 శాతం, ఇక్కడ 42 శాతం. తర్వాత నాలుగేళ్ల లెక్కలు తీస్తే మరణాల ముప్పు సుమారు ఐదో వంతు తక్కువ! కొత్త మందేం లేదు. ఇది మూడూ కలిసి చేసిన పని, మింగుడు పరీక్ష ఒక్కదాని గొప్పే కాదు.

మన వార్డుల్లో గొడవంతా ప్రేమతోనే. ‘పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదమ్మా’ అంటూ ఓ పెద్దావిడ కొంగు చాటున కాఫీ ఫ్లాస్కు తెచ్చింది. ముక్కులో గొట్టం వేస్తే ఇక మనిషి అయిపోయాడని ఏడుస్తారు. చాలామందికి కొన్ని వారాల్లో గుటక తిరిగొస్తుంది, గొట్టం తీసేస్తాం. అప్పటిదాకా మాత్రలు కూడా డాక్టర్‌ని అడగకుండా నోట్లో వేయకూడదు.

మంచానికి ‘ఎన్‌పీఓ’ అని చీటీ వేలాడుతుంటుంది. అటెండెంట్లలో ఎంతమందికి అర్థమవుతుంది? అందుకే దాని కింద స్కెచ్ పెన్నుతో నేను పెద్దక్షరాల్లో రాస్తాను: ‘నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు కూడా.’