అతుకు పక్కన బీట

‘భద్రాచలం రోడ్డు’ అన్న పలక చూసి రైలు దిగిన కొత్త యాత్రికుడు గోదావరి ఎక్కడని నాలుగు దిక్కులా వెదకుతాడు. ఆ స్టేషను కొత్తగూడెంలో ఉన్నది. రాములవారి కోవెల అక్కడికి ఇంచుమించు 40 కిలోమీటర్ల దూరాన, నదికి ఆవలి ఒడ్డున ఉన్నది. పాల్వంచ దాటి, అడవి అంచుల వెంబడి సారపాక చేరితే గోదావరి కనబడుతుంది. దానిమీది పాత వంతెనను 1965లో నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ఇంకా ముందుకు పోయేవారికి చింతూరు, ఆపైన మారేడుమిల్లి కనుమ.

ఈ దారిలో బొగ్గు లారీలు, యాత్రికుల బస్సులు, జీపులు, ఆటోలు పగలనక రాత్రనక తిరుగుతూనే ఉంటవి. సెలవు దినాలలో అడవి అందం చూడవచ్చే నగరవాసుల కార్లు వీటికి తోడు. అటువంటి కార్లలో ఒకటి, నేలకు జానెడెత్తున పరుగెత్తే స్పోర్ట్సు కారు, వానకాలపు గుంతలో దిగబడి లేచిందనుకొందాము. చక్రానికి ఏమీ కాలేదు. కాని కూర్చున్నవాని వెనుక ‘టక్కు’మని చప్పుడయింది, ఆసనం ఒక పక్కకు ఒరిగింది. సీటు లోపలి ఉక్కు చట్రం విరిగింది. రోడ్డువార వెల్డింగు షెడ్డు ఒకటి దగ్గరలోనే ఉన్నది. “పది నిమిషాల పని” అంటాడు యజమాని. నిజానికి అది పది నిమిషాల పని కాదు.

స్పోర్ట్సు కారుకు బరువే శత్రువు. దానిని తగ్గించడానికి నిర్మాతలు పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఇటలీలో మసెరాటీవారు 1959 ప్రాంతంలో ‘టిపో 61’ అనే పందెపు కారు చట్రాన్ని సుమారు 200 సన్నని గొట్టాలతో అల్లినారు. చూసినవారు దానికి పక్షిపంజరమని పేరు పెట్టినారు. ఆసనపు చట్రంలోనూ తరచుగా అదే పద్ధతి: పలుచని గోడ గల ఉక్కు గొట్టాలు, రేకు ముక్కలు, నాలుగు మూలల నాలుగు బోల్టులు. వీపు ఆనుకొనే భాగం ఒక గడియ వంటి కీలుమీద నిలిచి ఉంటుంది. మనిషి వెనుకకు వాలినప్పుడెల్లా ఆ భాగం మీటవలె పనిచేసి, బలమంతా కింది కీలు దగ్గరకు తెచ్చి నిలుపుతుంది. చట్రం సాధారణంగా అక్కడే, అందులోనూ కర్మాగారంలో వేసిన అతుకు చివరనే విరుగుతుంది.

గుంత ఒక్కటే దానిని విరిచిందనుకొంటే పొరపాటు. కంచె తీగను చేతితో తెంపవలసివస్తే పిల్లలేమి చేస్తారు? ఇటూ అటూ వంచుతారు. ఒక్క వంపుకు తెగని తీగ పదో ఇరవయ్యో వంపులకు తెగుతుంది. ఆసనపు గొట్టం అంతగా వంగదు, కంటికి కనబడదు కూడా. కాని లక్షలసార్లు కదులుతుంది. దీనికి లోహపు అలసట అని పేరు. ఈ సంగతి లోకానికి తెలిసిరావడానికి పెద్ద మూల్యమే చెల్లించవలసి వచ్చింది. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగింది. పెట్టెలు ఒకదానిమీద ఒకటి ఎక్కి మంటలంటుకొన్నవి. తలుపులకు తాళాలు వేసి ఉండడంతో 50 మందికి పైగా కాలిపోయినారు. ఇనుము పనిచేసి పనిచేసి తన స్వభావమే మార్చుకొని పెళుసెక్కుతుందని అప్పటివారి నమ్మకం. మరుసటి ఏడే స్కాట్లండు ఇంజనీరు రాంకిన్ అది కాదన్నాడు. ఇరుసు మందం హఠాత్తుగా మారే మూలలో చిన్న బీట పుట్టి, మెల్లమెల్లగా లోపలికి పాకుతున్నదని చూపించాడు. తరువాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఇరుసులను యంత్రాలమీద ఏళ్ల తరబడి తిప్పి, ఎంత బలానికి ఎన్ని తిరుగుళ్ల తరువాత ఉక్కు విరుగుతుందో లెక్క కట్టినాడు.

రాంకిన్ చెప్పిన ఆ మూలను మన షెడ్డులోని సీటులో కూడ చూడవచ్చు. విరిగిన ముఖం రెండు తీరులుగా ఉంటుంది. ఒక భాగం నున్నగా, ఏటి ఇసుకమీద నీటి గీతల వంటి వరుసలతో, కొంత తుప్పు రంగుతో కనబడుతుంది. ఇది నెలల తరబడి పాకిన పాత బీట. మిగిలిన భాగం గరుకుగా, కొత్తగా మెరుస్తూ ఉంటుంది. గుంతలో పడ్డనాడు తెగినది ఇంత మాత్రమే. గుంతను తిట్టే యజమానికి ఈ రెండు ముఖాలు చూపితే చాలు.

ఇక మరమ్మతు సంగతి. విరిగిన రెండు కొసలు దగ్గరకు చేర్చి పైన దిట్టంగా అతుకు పోస్తే చాలునని చాలమంది తలపు. అతుకు మీద విరగదు, నిజమే. మూడు నెలల తరువాత దాని పక్కనే విరుగుతుంది. లావైన అతుకు ఒక వైపు బిగుసుకొని నిలుస్తుంది. దానిని ఆనుకొని ఉన్న పలుచని గొట్టం వేడికి గుణం మారి, కదలిక భారమంతా తానే మోస్తుంది. మందం హఠాత్తుగా మారే మూలను మరమ్మతుకారుడే కొత్తగా సృష్టించినాడన్న మాట.

పని తెలిసినవాడు ముందుగా సీటును కారులోనుంచి ఊడదీస్తాడు. గుడ్డ, నురుగు దిండు పూర్తిగా తొలగిస్తాడు. ఆ నురుగు మండితే వచ్చే పొగ విషపూరితం. ఒక్క నిప్పురవ్వ చాలు. తరువాత గొట్టంమీది రంగు గీకి, కిరసనాయిలు పూసి, కొంత సేపాగి పొడిగుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి చల్లుతాడు. బీటలోకి దిగిన నూనె సుద్దలోకి ఊరి, కంటికి కనబడని పగులును నల్లని గీతగా చూపుతుంది. బడిలోని సుద్దముక్కకు ఇంతటి ప్రయోజనమున్నదని సైన్సు మాస్టరు పిల్లలకు ఒకనాడు చేసి చూపితే బాగుండును. బీట చివర తేలిన తరువాత అక్కడ చిన్న రంధ్రం తొలుస్తాడు. సూది మొనవంటి కొసకన్న గుండ్రని అంచు బలాన్ని పంచుకొంటుంది గనుక పగులు ముందుకు పాకదు.

తెగిపోయినచోట గొట్టం లోపల సరిగా ఇమిడే మరొక గొట్టపు ముక్కను దూర్చాలి. దాని కొసలు నిలువుగా కాక ఏటవాలుగా కోస్తే గట్టిదనం ఒక్కసారిగా మారదు. పై గొట్టానికి అక్కడక్కడ రంధ్రాలు చేసి, వాటిగుండా లోపలి ముక్కకు అతుకు పోయాలి. అంచులను ఆకురాయితో ఏటవాలుగా అరగదీస్తేనే కరిగిన లోహం అడుగుదాక దిగుతుంది. పలుచని గొట్టం మీద పెద్ద కరెంటు పెడితే బొక్క పడుతుంది. చిన్నచిన్న చుక్కలుగా, ఈ వైపొకటి ఆ వైపొకటి వేస్తూ పోవడమే మార్గం.

ఎందుకంటే అతుకు చల్లారేటప్పుడు ముడుచుకొంటుంది, ముడుచుకొంటూ చట్రాన్ని తన వైపు లాగుతుంది. ఈ గుణాన్ని మన పల్లె కమ్మరులు తరతరాలుగా ఎరుగుదురు. ఎడ్లబండి కొయ్య చక్రానికి కొంచెం కురచైన ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు పోస్తారు. అది ముడుచుకొని ఆకులన్నింటినీ ఒక్క బిగువున పట్టుకొంటుంది. చక్రంలో వరమైన ఆ లాగుడే సీటులో శాపం. చట్రం చదరంగా నిలిచిందో లేదో తెలియడానికి యంత్రం అక్కరలేదు. కొలతాడుతో రెండు కర్ణాలు కొలిస్తే చాలు. ఎదురెదురు భుజాలు సమానమై, కర్ణాలు కూడ సమానమైతే అది దీర్ఘచతురస్రం. ఎనిమిదో తరగతి పిల్లలు పరీక్షలో రాసి మరచిపోయే ఈ మాట వెల్డరుకు అన్నం పెడుతుంది. వేడి అతుకుమీద నీళ్లు చల్లి తొందరపెట్టడమూ తగదు. కొడవలికి పదునిచ్చే ఆ నీరే కొన్ని జాతుల ఉక్కులో అతుకును పెళుసు చేస్తుంది.

ఇంత చేసినా అతకరాని సీట్లున్నవి. ఈనాటి కార్లలో ప్రమాద సమయాన ఉబ్బే గాలితిత్తిని కొన్ని సీట్ల పక్కనే అమర్చుతున్నారు. దాని దగ్గర అతుకు మంట పెట్టడం ప్రాణాంతకం. మిక్కిలి గట్టి ఉక్కుతో చేసిన చట్రాలు వేడి తగిలినచోట బలం కోల్పోతవి. కర్బన నారతో చేసినవాటికి వెల్డింగు పనికేరాదు. వీటికి నిర్మాతల నుంచి కొత్త చట్రం తెప్పించడమొక్కటే దారి.

ఈ చాదస్తమంతా ఒక కుర్చీకోసమా అని ఎవరైన అడగవచ్చును. ఒక చిన్న లెక్క చూడండి. ఆగి ఉన్న కారును వెనుకనుంచి లారీ గుద్ది, సెకనులో పదోవంతులో గంటకు 25 కిలోమీటర్ల వేగానికి నెట్టిందనుకొందాము. 70 కిలోల మనిషిని ఆ వేగానికి తీసుకుపోవలసింది వీపు వెనుకనున్న చట్రమే. అప్పుడు దానిమీద పడే బలం సుమారు 500 కిలోల బరువుకు సమానం. ఆరేడు వడ్లబస్తాలను ఒక్కసారిగా ఆ కీలుమీదకు విసరినట్లు. అక్కడున్నది పైపై అతుకైతే ఆసనం వెనుకకు కూలుతుంది, మనిషి బెల్టులోనుంచి జారిపోతాడు. కనుక “ఇది నేను అతకను” అని కిరాయి వదలుకొని సీటును తిప్పిపంపే షెడ్డువాడిని యజమాని విసుక్కోవడం అన్యాయం. పని రానివాడు ఆ మాట అనలేడు.

అతికించదగిన చట్రమైతే, రంగు వేసి, నాలుగు బోల్టులూ కొత్తవి బిగించి, కారును దారి పట్టిస్తారు. చింతూరు కనుమలు తిరిగివచ్చిన తరువాత పనివాడు సీటును మరొకసారి ఊడదీయించి, అతుకు రెండు పక్కలా కాస్త రంగు గీకి, మళ్లీ కిరసనాయిలు పూసి సుద్ద చల్లుతాడు.