పైశాచీ భాష – పిశాచ సమాజం: కథాసరిత్సాగర కథాపీఠం ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

గుణాఢ్యుడు బృహత్కథను పైశాచీ భాషలో రచించాడని సంప్రదాయం చెబుతోంది. ఆ భాష మాట్లాడే పిశాచాలను కథాపీఠం కేవలం భయానక పాత్రలుగా చూపలేదు. వారికొక కాలం, ఒక నివాసం, కొన్ని నియమాలు, స్నేహాలు, ఒక భాష ఉన్నాయి. సోమదేవుని కథాసరిత్సాగరంలోని మొదటి లంబకం ఆధారంగా ఆ సమాజ స్వరూపాన్ని వివరించడం, రాజసభ తిరస్కరించిన కథకు ఆ సమాజమే ఆశ్రయంగా నిలిచిందని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: బృహత్కథ, గుణాఢ్యుడు, కాణభూతి, పైశాచి, కథాపీఠం, శాతవాహనుడు.

1. ఉపోద్ఘాతం

కాశ్మీర కవి సోమదేవుడు 11వ శతాబ్దంలో సూర్యమతీ రాణి వినోదార్థం కథాసరిత్సాగరాన్ని రచించాడు. ఇందులో 18 లంబకాలు, 124 తరంగాలు ఉన్నాయి. వేదం వేంకటరాయశాస్త్రి వచనానువాదం ద్వారా ఇది తెలుగు పాఠకులకు చేరింది. చందమామ బేతాళ కథలకు మూలమైన వేతాళ పంచవింశతి కూడా ఈ గ్రంథంలో భాగమే. అయితే ఇన్ని కథలకు తొలి ఆధారం పిశాచాల భాషలో ఉందన్న సంగతిని ఒక వింతగా చెప్పుకొని ముందుకు సాగిపోవడం పరిపాటి. ఆ వింత వెనుక ఉన్న ఆలోచనను కథాపీఠం 8 తరంగాలలో నిర్మించింది.

కథాపీఠం సారాంశం ఇది. శివుడు పార్వతికి ఏకాంతంలో చెప్పిన కథను పుష్పదంతుడనే గణం చాటుగా విని తన భార్యకు చెప్పాడు. పార్వతి అతణ్ణి శపించింది. అతని పక్షాన మాట్లాడిన మాల్యవంతుడూ శాపం పొందాడు. పుష్పదంతుడు వరరుచిగా, మాల్యవంతుడు గుణాఢ్యుడిగా జన్మించారు. కుబేరుని శాపంతో పిశాచమైన సుప్రతీకుడనే యక్షుడు కాణభూతి పేరుతో వింధ్యాటవిలో ఉన్నాడు. వరరుచి కాణభూతికి, కాణభూతి గుణాఢ్యునికి కథ చెప్పాలి. గుణాఢ్యుడు దానిని లోకంలో ప్రచారం చేయాలి. అప్పుడే ముగ్గురికీ శాపవిమోచనం. కథ శివుని నోటి నుంచి మానవలోకానికి చేరే దారిలో పిశాచం తప్పనిసరి మజిలీ అన్నమాట.

2. దేవయోనులలో పిశాచాల స్థానం

అమరకోశం స్వర్గవర్గంలో విద్యాధరులు, అప్సరసలు, యక్షులు, రాక్షసులు, గంధర్వులు, కిన్నరులు, పిశాచాలు, గుహ్యకులు, సిద్ధులు, భూతాలు అనే పది వర్గాలను దేవయోనులుగా పేర్కొంది. నిఘంటుకారుని దృష్టిలో పిశాచం దేవయోనులలో ఒకటి. మనుస్మృతి ఎనిమిది విధాల వివాహాలను చెబుతూ అన్నింటికంటే నీచమైన దానికి పైశాచమని పేరు పెట్టింది. ఒకే పదం ఒకచోట దివ్యజాతికి, మరొకచోట అధమమైన ప్రవర్తనకు సంకేతమైంది. కథాపీఠంలోని పిశాచ సమాజం ఈ రెండు అర్థాల నడుమ నిలిచి ఉంది.

3. కాలం, నివాసం, నియమాలు

వరరుచి మొదటిసారి చూసినప్పుడు కాణభూతి సాలవృక్షమంత ఎత్తున, వందల పిశాచాల పరివారంతో ఉన్నాడు. ఆ స్థితిలోనూ అతడు అతిథి పాదాలకు నమస్కరించాడు. సమూహం, నాయకుడు, అతిథి మర్యాద ఇక్కడ ఒకేసారి కనిపిస్తాయి. వింధ్యాటవి వారి నివాసం. ఉజ్జయినీ శ్మశానం శివుని మాటలు వినిపించే చోటు. కాణభూతి తన శాపవృత్తాంతం మొదట విన్నది అక్కడే.

వీరి నియమాలను భూతివర్మ అనే రాక్షసుడు కాణభూతికి వివరించాడు. యక్ష రాక్షస పిశాచాలు సూర్యతేజస్సుకు తట్టుకోలేరు కనుక వారికి పగలు శక్తి ఉండదు. రాత్రే వారికి ఇష్టం. దేవతలకూ బ్రాహ్మణులకూ తగిన పూజ జరగని చోట, విధి తప్పి భోజనం చేసే చోట వారి ప్రభావం చెల్లుతుంది. మాంసం ముట్టనివారు, సాధ్వీమణులు ఉన్నచోటికి వారు వెళ్లరు. శుచిమంతులను, శూరులను, మేలుకొని ఉన్నవారిని ఎన్నడూ ఆక్రమించరు.

ఈ నియమాలను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. పిశాచాల శక్తికి కొలత వారిలో లేదు, మనుషుల నడవడిలో ఉంది. మానవ సమాజం ఎక్కడ ఏమరుపాటు చెందుతుందో అక్కడే పిశాచాల హద్దు మొదలవుతుంది. అంటే ఈ నీడ సమాజం మానవ ధర్మానికి బయట ఉన్న అరాచకం కాదు. ఆ ధర్మం గీసిన గీతకు అవతలి వైపు అదే గీతను పాటిస్తున్న సమాజం.

4. శాపం – స్నేహం

సుప్రతీకుడు చేసిన నేరం హింస కాదు, దొంగతనం కాదు. స్థూలశిరుడనే రాక్షసునితో అతడు స్నేహం చేశాడు. పాపితో మైత్రి చేశాడన్న కారణంతో కుబేరుడు అతణ్ణి వింధ్యాటవికి పిశాచంగా పంపాడు. దీర్ఘజంఘుడనే సోదరుడు వేడుకోగా శాపానికి గడువు ఏర్పడింది. ఈ కథనం ప్రకారం పిశాచత్వం సుప్రతీకునికి పుట్టుకతో వచ్చింది కాదు. వర్గాల మధ్య గీసిన హద్దును దాటినందుకు విధించిన శిక్ష.

శిక్ష తరువాత కూడా అతడు స్నేహధర్మాన్ని విడిచిపెట్టలేదు. తన శాపం ఎప్పుడు తీరుతుందో తెలుసుకోవడానికి ఉజ్జయిని వెళ్లి ఆశ్రయించింది భూతివర్మనే. అతడూ రాక్షసుడే, కాణభూతికి మిత్రుడే. ఏ బంధం కారణంగా పతనమయ్యాడో అటువంటి బంధమే విముక్తి వార్తను తెచ్చింది. కుబేరుని తీర్పును కథ ఎక్కడా ఖండించలేదు గాని, సంఘటనల క్రమంతోనే దానికి సమాధానం చెప్పింది.

5. నాలుగో భాష

గుణాఢ్యుడు ప్రతిష్ఠానంలో శాతవాహన రాజుకు మంత్రి. ఈ ప్రతిష్ఠానమే గోదావరి తీరాన నేటి మహారాష్ట్రలో ఉన్న పైఠాన్. తెలుగువారి చరిత్రతోనూ ముడిపడిన రాజవంశం ఇది. జలక్రీడలో రాణి ‘మా ఉదకైః’, అంటే నీళ్లు చల్లవద్దు అన్న అర్థంలో సంధి కలిపి ‘మోదకైః’ అన్నది. రాజు సంధి ఎరుగక కుడుములు తెప్పించి నవ్వులపాలయ్యాడు. ఆ అవమానంతో సంస్కృతం నేర్చుకోవాలనుకున్నాడు. గుణాఢ్యుడు 6 సంవత్సరాలు కావాలన్నాడు. శర్వవర్మ 6 నెలలు చాలన్నాడు. అది జరిగితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడింటినీ విడిచిపెడతానని గుణాఢ్యుడు పంతం పట్టాడు. కుమారస్వామి అనుగ్రహంతో కాతంత్ర వ్యాకరణం పొందిన శర్వవర్మ గెలిచాడు.

మూడు భాషలూ వదిలిన మనిషికి సభలో చోటు లేదు. మౌనంగా వింధ్యకు వెళ్లిన గుణాఢ్యుడు పిశాచాలు తమలో తాము మాట్లాడుకునే మాటలను దూరం నుంచి విని ఆ భాష నేర్చుకున్నాడు. ఇక్కడ గురువు లేడు, వ్యాకరణం లేదు, గడువు లేదు. వినడం ఒక్కటే సాధనం. సభలో రెండు బోధనా పద్ధతుల మధ్య జరిగిన పోటీకి అడవిలో కథ మూడో పద్ధతిని చూపింది.

ఉజ్జయిని నుంచి తిరిగి వచ్చిన కాణభూతికి గుణాఢ్యుడు పైశాచిలోనే స్వాగతం పలికాడు. అప్పుడే అతనికి పూర్వజన్మ స్మృతి కలిగింది. మంత్రిగా శాస్త్రభాషలో ఎన్నేళ్లు మాట్లాడినా తానెవరో జ్ఞప్తికి రాలేదు. అందరూ హీనంగా చూసే భాషలో ఎదుటివారిని గౌరవించిన క్షణంలో వచ్చింది. కథాపీఠానికి ఈ ఘట్టమే కీలకమని చెప్పవచ్చు.

6. రాజసభ తీర్పు

కాణభూతి తన భాషలో చెప్పిన కథను గుణాఢ్యుడు 7 సంవత్సరాలలో 7 లక్షల శ్లోకాలుగా రచించాడు. అడవిలో సిరా దొరకదు. పైగా విద్యాధరులు కథను అపహరిస్తారన్న భయం ఉంది. అందువల్ల తన రక్తంతోనే రాశాడు. ఆ కథ విన్న కాణభూతికే గాక తోటి పిశాచాలకూ స్వర్గప్రాప్తి కలిగింది.

శిష్యులైన గుణదేవుడు, నందిదేవుడు ఆ గ్రంథాన్ని రాజు వద్దకు తీసుకువెళ్లారు. నిడివి 7 లక్షలు, భాష నీరసమైన పైశాచి, అక్షరాలు రక్తంతో రాసినవి అంటూ రాజు తోసిపుచ్చాడు. ఈ మూడు కారణాలలో ఒక్కటీ కథకు సంబంధించినది కాదు. ఒకప్పుడు సంధి తెలియక సిగ్గుపడిన రాజు, చదువు వచ్చిన తరువాత ఇంకొక భాషను చూసి ఏవగించుకున్నాడు. విద్య వినయాన్ని ఇవ్వకపోతే ఏమవుతుందో కథకుడు ఇంతకంటే సూటిగా చెప్పనవసరం లేదు.

గుణాఢ్యుడు కొండ దగ్గర అగ్నిని రగిల్చి, ఒక్కొక్క పత్రాన్ని మృగాలకూ పక్షులకూ చదివి వినిపించి అగ్నికి అర్పించాడు. అవి మేత మాని కన్నీటితో విన్నాయి. వాటి మాంసం ఎండిపోయింది. అది తిన్న రాజు అస్వస్థుడయ్యాడు. కారణం తెలుసుకొని అతడు అడవికి వచ్చేసరికి 6 లక్షల శ్లోకాలు దగ్ధమయ్యాయి. శిష్యులకు ప్రియమైన నరవాహనదత్తుని చరిత్ర ఒక లక్ష మాత్రమే మిగిలింది. తరువాత ఆ గ్రంథం పైశాచిలో ఎలా అవతరించిందో తెలిపేందుకు రాజే శిష్యుల సాయంతో కథాపీఠాన్ని రచించాడని సోమదేవుడు చెప్పాడు. తిరస్కరించిన వ్యక్తే పీఠిక రాయవలసి వచ్చింది.

7. పైశాచి ఎవరి భాష?

ఈ భాష పూర్తిగా కల్పితం కాదు. వరరుచి పేర ప్రసిద్ధమైన ప్రాకృతప్రకాశం, 12వ శతాబ్దపు హేమచంద్రుని వ్యాకరణం దీని లక్షణాలను సూత్రీకరించాయి. హేమచంద్రుని ప్రకారం పైశాచిలో ‘మదన’ ‘మతన’ అవుతుంది, ‘గుణ’ ‘గున’ అవుతుంది. చూలికా పైశాచిలో ‘నగర’ ‘నకర’గా, ‘మేఘ’ ‘మేఖ’గా మారుతాయి. తెలుగు విద్యార్థికి తెలిసిన సరళాదేశంలో పరుషాలు సరళాలవుతాయి. ఇక్కడ సరళాలే పరుషాలవుతున్నాయి. గ్రియర్సన్ 1906లో ఈ భాషను వాయవ్య ప్రాంతానికి ముడిపెట్టగా, స్టెన్ కోనో వింధ్య ప్రాంతాన్ని సూచించి ద్రావిడ ప్రభావాన్ని ప్రతిపాదించారు.

అయితే పిశాచాలంటే ఫలానా అటవీ జాతివారే అని సమీకరించడం సరికాదు. కథాసరిత్సాగరంలో శబరులు, పుళిందులు మనుషులుగానే వేరుగా కనిపిస్తారు. గ్రంథమే పాటించిన ఆ భేదాన్ని మనం చెరపరాదు. ఒక భాషకు పిశాచాల పేరు పెట్టడం వల్ల ఏం జరుగుతుందన్నదే అడగవలసిన ప్రశ్న. దండి దీనిని భూతభాష అన్నాడు, బృహత్కథను అద్భుతమైనదిగానూ పేర్కొన్నాడు. పేరులో దూరం ఉంది, అంచనాలో ఆదరణ ఉంది.

8. ముగింపు

గుణాఢ్యుని పైశాచీ బృహత్కథ నేడు లభ్యం కాదు. బుధస్వామి, క్షేమేంద్రుడు, సోమదేవుడు సంస్కృతంలోనూ, సంఘదాసగణి ప్రాకృత వసుదేవహిండిలోనూ, కొంగువేళిర్ తమిళ పెరుంగదైలోనూ దానిని తమతమ రీతుల్లో నిలిపారు. కథ బతికింది, కథ చెప్పిన భాష బతకలేదు. మంటల్లో పోయిన 6 లక్షల శ్లోకాల కల్పన ఈ చారిత్రక నష్టానికి ప్రతీకగా కనిపిస్తుంది.

పిశాచ సమాజాన్ని కథాపీఠం చిత్రించిన తీరు నుంచి సాహిత్య విద్యార్థి గ్రహించవలసింది ఇదే. అక్కడ పిశాచాలు కథను విన్నాయి, దాచాయి, తగినవాడు రాగానే అప్పగించాయి. చదువుకున్న సభ మాత్రం భాషను చూసి కథను కాదన్నది. మాండలికాలను, లిపిలేని భాషలను, వాటి కథకులను మన పాఠ్యప్రణాళికలు, పరిశోధనలు ఏ కొలతతో తూచుతున్నాయో పరీక్షించుకోవడానికి శాతవాహనుని తీర్పు తగిన ఉదాహరణ. ఒక కథను కాదనే ముందు, కాదంటున్నది కథనా, అది వచ్చిన భాషనా అని తేల్చుకోవడం విమర్శకుని మొదటి బాధ్యత.